న్యూబీట్ మీద నీ వ్యాసం చదివాక

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది, చదివాను. 1980ల్లో బెల్జియం క్లబ్బుల్లో పుట్టిన న్యూబీట్ అనే డాన్స్ సంగీతం గురించి తెలుగులో రాయాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుందని నేననుకోలేదు, ముందు అందుకు శభాష్. అయితే నువ్వడిగింది శభాష్ కోసం కాదు, ఎక్కడ తేలిపోయిందో మొహమాటం లేకుండా చెప్పమన్నావు. సరే, చెబుతాను, ఆనక అలగొద్దు.

మొదటి పేరాలోనే తేలిపోయింది. "1980ల చివర్లో ఒక సంగీత విప్లవం ఉప్పెనలా లేచి అంతే వేగంగా చల్లారిపోయింది" అని మొదలుపెట్టావు. ఆ వాక్యంలో న్యూబీట్ ఎక్కడుంది? బెల్జియం తీసేసి న్యూయార్క్ పెట్టు, 80ల బదులు 70లు పెట్టు, డిస్కో అయిపోతుంది. ఇంకో ఊరూ ఇంకో ఏడూ పెడితే ఇంకోటి. నాలుగు పేజీల వ్యాసంలో ఇలాంటివి పదకొండు వాక్యాలకి ఎర్రగీత పెట్టాను, చూసుకో. లేచింది, వెలిగింది, ఆరింది అని మూడు ముక్కల్లో చెప్పేస్తే పాఠకుడు తలూపి వెళ్లిపోతాడు, ఏమీ తెలుసుకోకుండా.

చెయ్యి దగ్గర మొదలుపెట్టు. డీజే చెయ్యి. అక్కడ జరిగింది కదా అసలు సంగతి! 45 ఆర్పీఎమ్‌లో, అంటే నిమిషానికి 45 చుట్లు తిప్పాల్సిన రికార్డుని 33లో తిప్పారు, పక్కన వేగాన్ని కాస్త పెంచడానికీ తగ్గించడానికీ ఉండే పిచ్ మీటని చివరికంటా, ప్లస్ 8 శాతం దాకా నెట్టారు. నువ్వు దీన్ని సగం వాక్యంలో చెప్పి క్లబ్బు దీపాల వర్ణనలోకి దూకేశావు. నీ పాఠకుల్లో సగం మంది రికార్డు ప్లేయర్‌ని సినిమాల్లో తప్ప చూసుండరు, వాళ్లకి ఈ 45 ఏమిటో 33 ఏమిటో, రెంటి మధ్య పాటకి ఏమవుతుందో చెప్పాలి. లెక్క కట్టి చూపించు, తప్పులేదు: నిమిషానికి 125 బీట్ల పాటని 33లో తిప్పితే 92, 93కి పడిపోతుంది, అది మరీ ఈడ్చుకుంటూ పోతుంది, ఎవరూ ఆడలేరు. పిచ్ 8 శాతం పెంచితే 100కి వస్తుంది. ఆ వందలో ఆడొచ్చు, కానీ ఒళ్లు బరువుగా కదులుతుంది. వేగం ఒక్కటే కాదు, శ్రుతి కూడా కిందికి దిగుతుంది, గాయకుడి గొంతు పాతాళంలోంచి వస్తున్నట్టు మోటుగా అవుతుంది, డ్రమ్ము దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ సాగుతుంది. న్యూబీట్ రుచంతా ఆ ఖాళీలోనే ఉంది. "మత్తుగొలిపే చీకటి లయ" అన్నావే, దాని బదులు ఇది రాయి.

ఇక ఆ చెయ్యి ఎవరిది అన్న సంగతి. యాంట్‌వర్ప్‌లోని ఆన్సియెన్ బెల్జీక్ క్లబ్బులో డిక్కె రోనీ అనే డీజే, ఎ స్ప్లిట్ సెకండ్ అనే బ్యాండు వాళ్ల "ఫ్లెష్"ని అలా వేశాడని ఒక కథ. కాదు, అది మార్క్ గ్రౌల్స్ చేసిన పని అని ఇంకో కథ. నువ్వు గ్రౌల్స్‌ని పట్టుకుని రెండో పేరు ఊసే ఎత్తలేదు. రెండూ రాయి! పుట్టుక కథకి ఇద్దరు హక్కుదారులుంటే అది వ్యాసానికి లోటు కాదు, లాభం. పైగా ఎవరు చేసినా "యాదృచ్ఛికంగా" అని నువ్వు రాసిన మాట నాకు మింగుడుపడదు. నీ వ్యాసంలో అన్నిటికంటే పెద్ద వెలితి ఇక్కడే ఉంది.

బెల్జియం వాళ్లకి రికార్డుని నెమ్మదిగా తిప్పడం కొత్త కాదు. 1970ల్లోనే వ్రాసెన్ అనే చిన్న ఊళ్లో పాప్‌కార్న్ అని ఒక డాన్స్ హాలు ఉండేది, దాని పేరే ఒక అభిరుచికి పేరైపోయింది. అమెరికా నుంచి వచ్చిన పాత సోల్ (అక్కడి నల్లజాతి వాళ్ల పాటలు) రికార్డుల్ని, అక్కడ ఎవరికీ పట్టని వాటిని కూడా, ఏరి తెచ్చుకుని, జంటలు తీరుబడిగా ఆడుకోవడానికి వీలుగా వేగం తగ్గించి వేసేవాళ్లు. అంటే పదేళ్ల ముందే ఆ దేశపు డీజేలకీ, ఆడేవాళ్ల కాళ్లకీ ఈ అలవాటుంది. ఫ్లెష్‌ని 33లో వేసిన చెయ్యి ఎవరిదైనా, అది గాల్లోంచి ఊడిపడింది కాదు. దానికి తోడు ఫ్రంట్ 242 లాంటి వాళ్ల ఎలక్ట్రానిక్ బాడీ మ్యూజిక్, అంటే యంత్రాల దరువు మీద నడిచే డాన్స్ సంగీతం కూడా ఆ నేలదే, ఫ్లెష్ ఆ కోవలోదే. పాత అలవాటూ కొత్త శబ్దమూ కలిసిన చోటది. దీన్ని నువ్వు చెబితే పాఠకుడికి పుట్టుక అర్థమవుతుంది, "యాదృచ్ఛికం" అంటే అద్భుతం అనుకుని ఊరుకుంటాడు.

బొకాచియో గురించి బాగా రాశావు. ఘెంట్ పక్కన డెస్టెల్‌బెర్గెన్‌లో ఉన్న ఆ క్లబ్బుకి ఆదివారం రాత్రే జనం ఎగబడేవాళ్లన్న సంగతి, సరిహద్దులు దాటి మరీ కార్లలో వచ్చేవాళ్లన్న సంగతి, అవి రెండూ అలాగే ఉంచు. తెల్లారితే సోమవారం, అందరూ పనిలోకి వెళ్లాలి. ఆ ఒక్క మాటతో క్లబ్బులోని జనం కళ్లకు కడతారు, వాళ్ల బట్టల గురించి రాసిన అర పేజీ కొట్టేసినా ఏమీ పోదు.

తర్వాత వస్తుంది నాకు కోపం తెప్పించిన భాగం. న్యూబీట్ రికార్డుల వెల్లువని "చెత్త" అని ఒక్క మాటతో తోసేశావు. ఎందుకు బాబూ అంత తొందర? ఆ చెత్త ఎలా తయారైందో చెప్పడమే నీ పని. గుప్పెడు మంది మనుషులు, కొన్ని స్టూడియోలు, అంతులేనన్ని దొంగ పేర్లు. మార్టన్ షెర్మన్ బెలూచీ అని లేబుల్ మీద చూస్తే ఒక మనిషి పేరులా ఉంటుంది, నిజానికి యో కాస్టర్స్, హెర్మన్ గిల్లిస్, రోలండ్ బీలెన్ అనే ముగ్గురు, వాళ్లే ఇంకా బోలెడు పేర్లతో రికార్డులు వదిలారు. కొట్లో అరల నిండా కనిపించే "బ్యాండ్ల"లో చాలావాటి వెనక వీళ్లలాంటి ఆ కాసిని మొహాలే. కాన్ఫెట్టీస్ సంగతి ఇంకా తమాషా: యాంట్‌వర్ప్ పక్కన బ్రాస్‌ఖాట్‌లో ఆ పేరుతో ఒక క్లబ్బు, దాని పేరు మీద స్టూడియోలో 1988లో "ద సౌండ్ ఆఫ్ సీ" తయారుచేశారు, జనం ముందు నిలబడి ఆడటానికి ఆ క్లబ్బులోనే బార్‌లో పనిచేసే పీటర్ రెంకెన్స్‌ని పెట్టారు. పాట హిట్టు! దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని అందరికీ తెలుసు అక్కడ, దాచుకున్నది కూడా లేదు.

నువ్వు వదిలేసిన ఇంకో ఆణిముత్యం చెబుతాను. 1989 జనవరిలో బెల్జియం మాజీ ప్రధాని పాల్ వాండెన్ బోయ్‌నాంట్స్‌ని దుండగులు ఎత్తుకుపోయారు, నెల తర్వాత వదిలారు. ఆయన బయటికొచ్చి విలేఖరుల ముందు మాట్లాడితే, ఆ మాటల్నే ముక్కలు కోసి బీటు మీద అతికించి బ్రసెల్స్ సౌండ్ రివల్యూషన్ పేరుతో "కీ...?" అని రికార్డు తెచ్చేశారు, అదీ ఆ ఏడాదే. మాజీ ప్రధాని గొంతు మీద జనం డాన్సు చేశారు! ఇది చెత్తేనంటావా? అనుకో, నాకు అభ్యంతరం లేదు. కానీ ఎంత వేగంగా, ఎంత సిగ్గులేకుండా, ఎంత హుషారుగా పనిచేసేవాళ్లో చెప్పడానికి దీనికి మించిన ఉదాహరణ నీకు దొరకదు. ఇప్పుడు మనవాళ్లు ప్రెస్‌మీట్ క్లిప్పుల్ని డీజే బిట్లుగా మార్చి వాట్సాప్‌లో తిప్పుతుంటారే, ఆ సరదాకి ముప్పై ఏళ్ల ముందు సంగతి.

పతనం దగ్గరికొచ్చేసరికి నీళ్లు నమిలావు. "క్రమంగా శ్రోతల అభిరుచి మారింది." ఎవరి అభిరుచి? దేనివల్ల? ఎటు మారింది? పుట్టడానికి ఏది సాయం చేసిందో పోవడానికీ అదే చేసిందని నాకు అర్థమైంది. తయారీ అంత సులువు కాబట్టే అంత త్వరగా పాకింది, అంత సులువు కాబట్టే అందరూ చేశారు, అందరూ చేశాక ఏది ఏదో తెలియకుండా పోయింది. వేళాకోళం రికార్డులు పెరిగేకొద్దీ మొదట్లో చీకట్లో సీరియస్‌గా ఆడినవాళ్లు మొహం తిప్పుకున్నారు. అదే సమయంలో అమెరికా నుంచి డెట్రాయిట్ టెక్నో, చికాగో హౌస్ అనే డాన్స్ సంగీతాలు వచ్చాయి, రెండూ దీనికంటే వేగమైనవి, వందలో ఆడటం పాతపడింది. 1987, 88ల్లో ఊపందుకున్నది 1990కల్లా అయిపోయింది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, ఒక్కడి మీద నెట్టడానికి లేదు.

అయితే "అంతరించింది" అని మాత్రం రాయకు, ఎందుకంటే ఆ మనుషులు ఎక్కడికీ పోలేదు. న్యూబీట్ రికార్డులు చేసిన యో బోగార్ట్ 1989లో టెక్నోట్రానిక్ పేరుతో "పంప్ అప్ ద జామ్" చేశాడు, అది అమెరికా చార్టులోనూ బ్రిటన్ చార్టులోనూ రెండో స్థానం దాకా వెళ్లింది. పాడింది యా కిడ్ కే, వీడియోలో పెదాలు కదిపింది ఫెల్లీ అనే మోడల్. గొంతొకరిది, మొహమొకరిది. కాన్ఫెట్టీస్ పద్ధతి గుర్తొచ్చిందా? ఘెంట్‌లోని ఆర్ అండ్ ఎస్ లేబుల్ కూడా అంతే, ఆ దశ దాటుకుని 1990లో జోయీ బెల్‌ట్రామ్ "ఎనర్జీ ఫ్లాష్", మరుసటేడు "మెంటాజమ్" విడుదల చేసి యూరప్ టెక్నోకే పెద్ద దిక్కయింది. ఇళ్లు ఖాళీ చేసి పక్క వీధిలోకి మారినవాళ్లకి నువ్వు దినం పెట్టేశావు. మనుషుల్ని పేరు పేరునా వెంటాడు, ఎవరు ఏ ఏడు ఏం చేస్తున్నారో కాగితం మీద గీసుకో, పతనం అధ్యాయం దానంతటదే కుదురుతుంది.

చివర్లో మూంబాటన్ మీద అతికించిన పేరా తీసెయ్. అది ఇంకో వ్యాసం, మంచి వ్యాసం కూడా. 2009లో వాషింగ్టన్ దగ్గర బడి ఎగ్గొట్టిన పిల్లల పార్టీలో డేవ్ నాడా అనే డీజే, వాళ్లు వింటున్న లాటిన్ అమెరికా డాన్స్ సంగీతం రెగెటాన్‌కి దగ్గరగా రావాలని "మూంబా" పాటకి ఆఫ్రోజాక్ చేసిన రీమిక్స్‌ని నిమిషానికి 108 బీట్లకి దించి వేశాడు, పిల్లలు ఊగిపోయారు, మూంబాటన్ అలా పుట్టింది, మరుసటేడు ఈపీ (కొద్ది పాటల రికార్డు) వచ్చింది, రెండు మూడేళ్లు ఎక్కడ చూసినా అదే. 2015లో మన దేశంలో వీడియో తీసిన "లీన్ ఆన్" నడకలో దాని ఛాయ స్పష్టంగా వినిపిస్తుంది. ఇక్కడా వేగం తగ్గించడమే కాబట్టి నీకు ముచ్చటేసి పక్కపక్కన పెట్టావు, ఆ ముచ్చట నాకూ ఉంది, కానీ ఆరు లైన్లలో కుక్కితే రెంటికీ అన్యాయం. విడిగా రాయి, నేను చదువుతాను.

తీన్మార్‌తో పోలిక కూడా తీసెయ్. హైదరాబాద్ పాఠకులకి దగ్గరవ్వాలని పెట్టావని తెలుసు. తీన్మార్ డప్పు దరువు మనుషుల్ని ఎగరేస్తుంది, ఇది నేలకి లాగుతుంది. రెండూ వీధుల్లో గోల చేసేవే అనుకుంటే అదీ కాదు, న్యూబీట్ తలుపులేసుకున్న హాళ్లలో పుట్టింది. పాఠకుడు దగ్గరవ్వాలంటే బెల్జియంని మన ఊరికి తేనక్కర్లేదు, అతన్ని డెస్టెల్‌బెర్గెన్ తీసుకెళ్లు, వస్తాడు.

మళ్లీ రాసేముందు ఫ్లెష్‌ని మామూలు వేగంలో ఒకసారి, తగ్గించి ఒకసారి విను, యూట్యూబ్‌లో వేగం మార్చి కాదు, అక్కడ శ్రుతి దిగదు. కంప్యూటర్లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని, వేగమూ శ్రుతీ రెండూ కలిపి మార్చే ఆప్షన్‌తో 80 శాతానికి తెచ్చుకో. హెడ్‌ఫోన్స్ పెట్టుకో, ఇంట్లో వాళ్లు తిడతారు.

రెండో ప్రతి నెలాఖరులోపు పంపితే చూస్తాను, తర్వాత నేను ఊళ్లో ఉండను. ఈసారి మాత్రం వర్డ్ ఫైలు పంపు నాయనా, ఫోన్లో తీసిన స్క్రీన్‌షాట్ల మీద ఎర్రగీతలు పెట్టడం నా వల్ల కాదు.

ఉంటాను,
అన్నయ్య