జనవరిలో గుల్మార్గ్

ప్రశ్న: పిల్లలతో జనవరిలో గుల్మార్గ్ వెళ్తున్నాం. స్కీయింగ్ మాకు కొత్త. ఏం జాగ్రత్తలు తీసుకోవాలండీ?

జవాబు: శ్రీనగర్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. మంచు బాగా పడితే దారిలో వచ్చే టంగ్‌మార్గ్ ఊళ్లో చక్రాలకు గొలుసులు కట్టిన బండిలోకి మారాలి. తిరుగు విమానానికి ముందురాత్రే శ్రీనగర్ చేరిపోండి. గొండోలా (కొండెక్కే కేబుల్ కార్) టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనండి. పిల్లలతో అయితే గొండోలా మొదటి దశ ఆగే కొంగ్‌డోరి దాకా చాలు. ఆ పైన రెండో దశలో వచ్చే అఫర్వత్ కొండ మీద ఎత్తుకి ఆయాసం వస్తుంది, గాలి హెచ్చితే గొండోలా ఆపేస్తారు కూడా.

అద్దె స్కీ బూట్లు తొందరపడి తీసుకోకండి. బకిల్స్ బిగించి మోకాళ్లు ముందుకు వంచండి. మడమ పైకి లేస్తే సైజు పెద్దదన్నమాట. రెండు జతల సాక్సులు అసలు వద్దు, కాలు బిగిసి రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. ఉన్నివి ఒక్క జత చాలు. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉంచుకోండి.