చూపు బాగానే ఉంటే నీటికాసుల చుక్కలు మానేయొచ్చా?

మీ నాన్నగారికి కంటి ప్రెషర్ 26 ఉందన్నారు, చూపు బాగానే ఉంది కాబట్టి చుక్కలు ఆపేయొచ్చా అని అడిగారు. దయచేసి డాక్టరు చెప్పకుండా ఆపకండి. మా అమ్మ విషయంలో మేం చేసిన తప్పు అదే.

అమ్మకి నీటికాసులని (గ్లాకోమా) తేలాక రాత్రి పడుకునే ముందు ఒక్కో చుక్క వేసుకోమన్నారు. ఆరు నెలలు వేసుకుంది. నొప్పి లేదు, పేపరు చదువుతోంది, సూదిలో దారం ఎక్కిస్తోంది. సీసా అయిపోయాక మళ్లీ తెప్పించుకోలేదు, మేమూ పట్టించుకోలేదు. రెండేళ్లకి, అన్నం తింటుంటే పక్కనున్న మంచినీళ్ల గ్లాసు చెయ్యి తగిలి ఒలికిపోవడం మొదలైంది. గుమ్మం దాటుతుంటే భుజం తలుపుకి కొట్టుకునేది. శుక్లాలేమో, ఆపరేషన్ చేయిస్తే సరిపోతుందనుకున్నాం. చూపు ఎంత మేర ఉందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేస్తే ఎడమ కంటి కాగితంలో నడుమ కొంచెం తప్ప అంతా నలుపే, అంటే అక్కడ చూపు పోయినట్టే.

కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి మందగిస్తే ఒత్తిడి పెరిగి కంటి నరం దెబ్బతింటుంది. ముందు పోయేది పక్కచూపు. నడుమ చూపు చాలాకాలం నిలుస్తుంది, అందుకే పేపరు చదవగలిగినా ధైర్యం పనికిరాదు. శుక్లం తీస్తే చూపు వస్తుంది. నీటికాసుల్లో పోయింది రాదు, చుక్కలు కాపాడేది మిగిలినదాన్నే.

మామూలుగా ప్రెషర్ 10 నుంచి 21 మధ్య ఉంటుంది. అయితే 26 అన్న ఒక్క అంకెతో జబ్బు తేల్చరు, 21 లోపే ఉండి నరం పాడైనవాళ్లూ ఉన్నారు. ఓసీటీ (కంటి నరాన్ని చూసే స్కాన్), ఫీల్డ్ టెస్ట్ చేశారో లేదో అడగండి, ఆ కాగితాలన్నీ దాచండి. నాన్నగారికి ఆస్తమా ఉంటే తప్పక చెప్పండి, టిమోలాల్ లాంటి చుక్కలు వాళ్లకి పడవు. కన్ను ఎర్రబడిందని మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు మాత్రం వాడనివ్వకండి, వాటితో ప్రెషర్ పెరగొచ్చు.

చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్క మూలని వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. అమ్మకి ఇది ఎవరూ చూపించలేదు, సగం మందు చెంప మీదికి కారిపోయేది. ఇప్పుడు రోజూ తొమ్మిదింటికి నేనే వేస్తున్నాను. కుడి కన్ను నాలుగేళ్లుగా అలాగే నిలబడింది.

కన్ను విపరీతంగా నొప్పి పుట్టి, వాంతులై, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. నీటికాసులు రక్తసంబంధీకుల్లో ఎక్కువగా వస్తాయి. మీరూ, మీ తోబుట్టువులూ, మీ బాబాయిలూ మేనత్తలూ ఒకసారి కళ్లు చూపించుకోండి. మా అన్నయ్యకి అలా వెళ్తేనే మొదట్లో బయటపడింది.