ఆన్ చేయగానే కనిపించే బొమ్మ మార్చుకోవాలంటే

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం కంప్యూటర్ ఆన్ చేయగానే కనిపించే తెర గురించే. అందుకని మిగతావి వచ్చే సంచికకు ఉంచి, వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నాం సార్. డెస్క్‌టాప్ మీద మా పాప ఫొటో పెట్టాను, బాగానే ఉంది. కానీ ఆన్ చేస్తే ముందు కంపెనీ లోగో, దాని కింద గిర్రున తిరిగే చక్రం, ఆ తర్వాత రోజుకో కొండల బొమ్మ వస్తున్నాయి. అక్కడ కూడా పాప ఫొటోనే రావాలంటే ఏం చేయాలి?

జవాబు: మీరు చెప్పినవి రెండు వేర్వేరు తెరలు. ఒకటి మీ చేతిలో ఉంది, రెండోది లేదు. ఆ కొండల బొమ్మ వచ్చేది లాక్ స్క్రీన్. దాన్ని మార్చడం చాలా తేలిక. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్‌కి వెళ్లి, అందులో లాక్ స్క్రీన్ తెరవండి. అక్కడ విండోస్ స్పాట్‌లైట్ అని ఉంటుంది, రోజూ కొత్త బొమ్మలు తెచ్చేది అదే. దాని బదులు పిక్చర్ ఎంచుకుని మీ ఫొటో ఇవ్వండి. ఆ పేజీలోనే కిందికి వెళితే, ఇదే బొమ్మను సైన్ ఇన్ తెర మీద కూడా చూపించాలా అని అడిగే స్విచ్ ఉంటుంది. అది ఆన్‌లో లేకపోతే పిన్ కొట్టే చోట పాప ఫొటో మాయమై ఒట్టి రంగు వస్తుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయక్కర్లేదు, విండోస్ కీతో పాటు ఎల్ నొక్కితే చాలు.

ఇక కంపెనీ లోగో. అది విండోస్ బొమ్మ కాదు. మదర్‌బోర్డు మీదున్న చిప్‌లో ఫర్మ్‌వేర్ (విండోస్ కన్నా ముందు కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాం) ఉంటుంది, లోగో కూడా అందులోనే ఉంటుంది. పవర్ రాగానే ఫర్మ్‌వేర్ ఆ బొమ్మను తెర మీద గీసి, ఫలానా చోట ఉంది అని మెమరీలో ఒక చిన్న పట్టికలో రాసిపెడుతుంది. ఆ పట్టికను బీజీఆర్‌టీ అంటారు. విండోస్ 8 నుంచి విండోస్ ఆ బొమ్మను కదిలించకుండా అలాగే ఉంచి, కింద చక్రం మాత్రం తిప్పుతోంది. అందుకే విండోస్ సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా ఆ లోగో మార్చే చోటు దొరకదు.

ప్రశ్న: సెక్యూర్ బూట్ ఆపేసి ఒక చిన్న ప్రోగ్రాం పెట్టుకుంటే కంపెనీ లోగో కూడా మార్చొచ్చని ఒక వీడియోలో చూశాను. చేయొచ్చా?

జవాబు: జరిగే పనే. హ్యాక్‌బీజీఆర్‌టీ లాంటి ప్రోగ్రాములు ఇందాక చెప్పిన పట్టికలో కంపెనీ బొమ్మ బదులు మీ బొమ్మను పెడతాయి, చిప్‌లో ఉన్న అసలు లోగో జోలికి పోవు. అయినా సరే, రోజూ పని చేసుకునే ల్యాప్‌టాప్ మీద ఇది వద్దనే చెబుతాను. సెక్యూర్ బూట్ ఉన్నది విండోస్ కన్నా ముందు మొదలయ్యే ప్రతి ప్రోగ్రాం సంతకం చూసి, తెలియనిదైతే ఆపడానికి. కొన్ని సెకన్లు కనిపించి పోయే బొమ్మ కోసం ఆ కాపలాను తీసేయడం నాకు నచ్చదు. కొన్ని ఆన్‌లైన్ గేములు కూడా సెక్యూర్ బూట్ ఆన్‌లో లేకపోతే తెరుచుకోవు.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది, వీడియోల్లో దాని గురించి సరిగా చెప్పరు. మీ డిస్క్‌కి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే (కొత్త ల్యాప్‌టాప్‌లలో మీరు పెట్టకపోయినా చాలాసార్లు ఉంటుంది) సెక్యూర్ బూట్ మార్చగానే, ఎవరో కంప్యూటర్‌ను కెలికారని అనుకుని 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ దగ్గర లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు. కాబట్టి ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌లో ఏది ముట్టుకునే ముందైనా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ ఉన్నా పర్వాలేదు, ఆ ల్యాప్‌టాప్‌లోనే దాచుకుంటే మాత్రం ఉపయోగం లేదు.

బొమ్మతో ప్రమాదం ఏముంటుందని కూడా కొందరు రాశారు. 2023 డిసెంబరులో బైనార్లీ అనే భద్రతా సంస్థ లోగోఫెయిల్ పేరుతో కొన్ని లోపాలను బయటపెట్టింది. ఫర్మ్‌వేర్‌లో లోగో ఫైల్‌ను చదివే భాగంలోనే తప్పులున్నాయి, కావాలని పాడుచేసిన బొమ్మ ఫైల్‌తో విండోస్ మొదలవకముందే సొంత ప్రోగ్రాం నడిపించవచ్చు. తయారీదారులు ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఇచ్చారు, మీ మోడల్‌కి వచ్చినది వేసుకోండి. కొన్ని థింక్‌ప్యాడ్ మోడళ్లలో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసేటప్పుడు మన బొమ్మ ఇచ్చే ఏర్పాటు కంపెనీయే పెట్టింది. అలాంటి దారి మీ మోడల్‌కి ఉంటే, ఎలా చేయాలో కంపెనీ చెప్పినట్టే చేయండి.

ప్రశ్న: విండోస్ 98 రోజుల్లో పెయింట్‌లో గీసిన బొమ్మ పెట్టేసేవాళ్లం. ఇప్పుడెందుకు ఇంత కష్టం చేశారు?

జవాబు: మీ ప్రశ్న చూసి చాలా సంతోషం వేసింది. అప్పట్లో 320×400 కొలతలో, 256 రంగుల్లో బీఎంపీ బొమ్మ చేసి, లోగో.సిస్ అని పేరు మార్చి సీ డ్రైవ్‌లో పెడితే అయిపోయేది. అది తీసేస్తే మళ్లీ అసలు బొమ్మే వచ్చేది, ఎందుకంటే అసలుది ఐఓ.సిస్ లోపల భద్రంగా ఉండేది. కింద కదిలే పట్టీ కూడా నిజానికి కదిలేది కాదు, రంగుల పట్టికలో కొన్ని రంగులను వరసగా తిప్పుతుంటే కదిలినట్టు కనిపించేది. ఆపేటప్పుడు వచ్చే రెండు తెరలకు లోగోడబ్ల్యూ.సిస్, లోగోఎస్.సిస్ అని విండోస్ ఫోల్డర్‌లో మరో రెండు ఫైళ్లు ఉండేవి.

విండోస్ ఎక్స్‌పీలో ఆ బొమ్మను కెర్నల్ ఫైల్ లోపలికే తీసుకెళ్లారు. బొమ్మ మార్చాలంటే సిస్టమ్ గుండెకాయ లాంటి ఫైల్‌నే దిద్దాలి, ఒక్క తప్పు జరిగినా కంప్యూటర్ లేవదు. ఆ తర్వాత ఇలాంటి ఫైళ్లకు డిజిటల్ సంతకం తనిఖీ వచ్చింది, దిద్దిన ఫైల్ సంతకం సరిపోదు కాబట్టి ఆ దారి కూడా దాదాపు మూసుకుపోయింది. వైరస్‌లు దాక్కునేది కూడా అక్కడే కాబట్టి సంతకాలు పెట్టడం సరైన పనేనని నా అభిప్రాయం. అయితే బొమ్మ ఒక్కటి మార్చుకునే మర్యాదైన దారి వదిలి ఉంటే బాగుండేది.

ప్రశ్న: ఉబుంటులో కొత్త ప్లిమత్ థీమ్ వేశాను, ఎంచుకున్నాను కూడా. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా పాత బొమ్మే వస్తోంది. ఎక్కడ తప్పింది?

జవాబు: ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్‌లు మొదలయ్యేటప్పుడు బొమ్మ చూపించే ప్రోగ్రామే ప్లిమత్. మీ థీమ్ సరిగ్గానే పడి ఉంటుంది, చివరి కమాండ్ మిగిలిపోయింది. లైనక్స్ మొదలయ్యేటప్పుడు మీ డిస్క్‌లో ఉన్న థీమ్ ఫోల్డర్‌ను చూడదు, ఎందుకంటే అప్పటికి ఆ డిస్క్ ఇంకా తెరుచుకుని ఉండదు. ముందుగా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న మూటను మెమరీలోకి తెచ్చుకుంటుంది, ప్లిమత్ బొమ్మ ఆ మూటలోంచే వస్తుంది. మీరు థీమ్ మార్చినా మూటలో పాత బొమ్మే ఉంది. సుడోతో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కమాండ్‌ను మైనస్ యు జతచేసి నడపండి, మూట మళ్లీ కడుతుంది. ఫెడోరా వాడేవాళ్లకు ప్లిమత్-సెట్-డిఫాల్ట్-థీమ్ కమాండ్‌కు మైనస్ పెద్ద ఆర్ (-R) తగిలిస్తే రెండు పనులూ ఒకేసారి అవుతాయి.

డిస్క్‌కి పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లు ఒకటి గమనించాలి. బయట దొరికే థీమ్‌లలో కొన్ని చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ పాస్‌వర్డ్ అడిగే పెట్టె రాయడం మర్చిపోతారు, దాంతో కంప్యూటర్ ఆగిపోయిందేమోనని టెన్షన్ పడతారు. అప్పుడు ఎస్కేప్ కీ నొక్కండి, బొమ్మ పోయి అక్షరాల తెర వస్తుంది, అక్కడ పాస్‌వర్డ్ కొట్టొచ్చు. థీమ్ వల్ల అసలు ముందుకే పోకపోతే గ్రబ్ మెనూలో (లైనక్స్ మొదలయ్యే ముందు ఏది తెరవాలో ఎంచుకునే జాబితా) E కీ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరసలో స్ప్లాష్ అనే మాట చెరిపి, ఎఫ్10 నొక్కండి. ఆ ఒక్కసారికి బొమ్మ లేకుండా లేస్తుంది, లోపలికి వెళ్లాక పాత థీమ్‌కి మారొచ్చు.

గ్రబ్ మెనూ వెనక బొమ్మ కావాలన్నా పెట్టుకోవచ్చు. ఈటీసీలోని డిఫాల్ట్ ఫోల్డర్‌లో గ్రబ్ అనే ఫైల్ ఉంటుంది, అందులో గ్రబ్_బ్యాక్‌గ్రౌండ్ వరసలో బొమ్మ ఉన్న చోటు రాసి, అప్‌డేట్-గ్రబ్ నడపాలి. ముదురు రంగు బొమ్మ అయితే అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి.

ప్రశ్న: మ్యాక్‌లో యాపిల్ గుర్తు బదులు మా పేరు వచ్చేలా చేయొచ్చా?

జవాబు: ఆ గుర్తును మార్చే వీలు యాపిల్ ఇవ్వలేదు. పేరు కనిపిస్తే చాలనుకుంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో లాక్ స్క్రీన్‌కి వెళ్లి, లాక్ అయినప్పుడు సందేశం చూపించే స్విచ్ ఆన్ చేసి, మీ పేరు, ఒక ఈమెయిల్ రాయండి. ల్యాప్‌టాప్ ఎక్కడైనా పోతే, దొరికినవాళ్లు పాస్‌వర్డ్ తెలియకుండానే అది చదవగలరు. ఆ తెర ఎవరికైనా కనిపిస్తుంది కాబట్టి ఇంటి అడ్రసు మాత్రం రాయొద్దు.