అన్నీ పక్కపాత్రలే చేస్తే దాన్ని కెరీర్ అంటారా?

జీవితమంతా పక్కింటావిడ వేషాలే వేసిన నటికి చెప్పుకోదగ్గ కెరీర్ ఉన్నట్టా అని అడిగారు కదా, నా జవాబు అమెరికన్ నటి బీ బెనడెరెట్.

నేను కొన్నాళ్లు రేడియో నాటకాల్లో చిన్నాచితకా వేషాలు వేశాను. ఒకదాంట్లో అత్తగారూ నేనే, ఇంటికొచ్చిన నర్సూ నేనే. రెండో పేజీకల్లా రెండు గొంతులూ కలిసిపోయి ఎవరు ఎవర్ని తిడుతున్నారో నాకే తెలియలేదు, రికార్డింగ్ మళ్లీ మొదటికొచ్చింది. ఆ సిగ్గుతోనే పాత అమెరికన్ రేడియో షోలు వినడం మొదలుపెట్టాను, అక్కడ దొరికింది ఈవిడ.

హాస్యనటుడు జాక్ బెన్నీ రేడియో షోలో ఈవిడా, సారా బెర్నరూ టెలిఫోన్ ఆపరేటర్లు. బెన్నీని లైన్లో ఉంచేసి ఆయన మీదే కబుర్లు చెప్పుకుంటారు. టీవీకి వచ్చాక, జార్జ్ బర్న్స్, గ్రేసీ అలెన్ దంపతుల హాస్య ధారావాహిక బర్న్స్ అండ్ అలెన్ షోలో 1950 నుంచి 1958 దాకా పక్కింటి బ్లాంచ్. ఆ ఎనిమిదేళ్లలో బ్లాంచ్ మొగుడు హ్యారీ వేషానికి నలుగురు నటులు మారారు! 1953లో లారీ కీటింగ్ వచ్చినప్పుడైతే, మొగుణ్ని కొట్టడానికి ఆవిడ సిద్ధంగా నిలబడి ఉంటే జార్జ్ బర్న్స్ మధ్యలో వచ్చి సీన్ ఆపి, ఇదిగో కొత్త హ్యారీ అని పరిచయం చేస్తాడు. ఇద్దరూ మర్యాదగా పలకరించుకుంటారు, మళ్లీ సీన్ మొదలు, కొత్తాయనకీ దెబ్బ తప్పలేదు. నటన అంటే ఆ రెండు క్షణాల మధ్య మొహం మార్చడమే అనిపించింది నాకు.

హాస్యనటి లూసిల్ బాల్ తన టీవీ షో ఐ లవ్ లూసీలో ఎథెల్ పాత్రకి ముందు ఈవిడనే అనుకుంది, కానీ బ్లాంచ్‌గా అప్పటికే ఒప్పుకుని ఉండటంతో అది వివియన్ వాన్స్‌కి వెళ్లింది. వార్నర్ కార్టూన్లలో ఎన్ని గొంతులిచ్చినా టైటిల్స్‌లో గాత్రనటుడు మెల్ బ్లాంక్ పేరొక్కటే పడేది. ఇది మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్లుమంట. 1960 నుంచి ఫ్లింట్‌స్టోన్స్ అనే టీవీ కార్టూన్‌లో బెట్టీ గొంతు కూడా ఈవిడదే, విని పోల్చుకోండి చూద్దాం.

ప్రధాన పాత్ర దక్కింది 1963లో, పెటికోట్ జంక్షన్ అనే టీవీ హాస్య ధారావాహికలో, అప్పటికి 57 ఏళ్లు. ఆ షో నడుస్తుండగానే 1968 అక్టోబరులో క్యాన్సర్‌తో పోయింది. ఆవిడ పోయాక ప్రసారమైన ఆవిడ చివరి ఎపిసోడ్‌లో వినిపించే గొంతు ఆవిడదే, వెనకనుంచి కనిపించే మనిషి మాత్రం ఇంకొకరు.