పేరు పెట్టడం, నామం పెట్టడం

తిరుపతి

చిరంజీవి పాపకు పెద్దనాయన ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేశాడు. కొత్తగా మొదలుకాబోతున్న ఒక విమాన సంస్థ, తరచుగా ప్రయాణించేవారికి పాయింట్లు ఇచ్చే పథకానికి పేరు పెట్టే పనిని మీ బెంగళూరు ఆఫీసుకు అప్పగించిందనీ, అది నీ చేతికే వచ్చిందనీ, నెలాఖరులోగా పది పేర్లు ఇవ్వాలనీ, వాటిలో సగమైనా వినగానే నవ్వు తెప్పించేవిగా ఉండాలని నువ్వే పట్టుబట్టావనీ చెప్పాడు. మన వంశంలో పసిబిడ్డలకు, ఆవుదూడలకు, ఒకే ఒక్కసారి ఒక అంగడి కార్డుకు తప్ప ఎవరూ దేనికీ పేరు పెట్టిన పాపాన పోలేదు. ఆ కార్డుకు పేరు పెట్టినవాణ్ణి నేనే కాబట్టి, ఫోన్ పెట్టేసిన తరువాత కొంతసేపు సంతోషంతోనూ, తెల్లవారేదాకా భయంతోనూ నాకు నిద్ర పట్టలేదు.

పేరు పొట్టిగా ఉండాలనీ, అందరికీ నోరు తిరగాలనీ, అంతకుముందు ఎవరూ రిజిస్టరు చేయించుకోనిదై ఉండాలనీ నీకు తెలుసు. వాటి గురించి రాసి సిరా ఖర్చు చేయను.

ముప్పై ఏళ్లు టికెట్లు అమ్మినవాణ్ణి కాబట్టి ఈ పథకాల పేర్లన్నీ నాకు చుట్టాల పేర్ల వంటివి. 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు తమ పథకానికి ‘అడ్వాంటేజ్’ అని పేరు పెట్టి, ఇంగ్లీషులో మొదటి ‘ఎ’ అక్షరాన్ని రెండుసార్లు రాశారు. సంస్థ పేరులోని రెండు ‘ఎ’లూ అక్కడికి వచ్చి కూర్చున్నాయి. కొద్ది రోజులకే యునైటెడ్ వారు ‘మైలేజ్ ప్లస్’ అన్నారు. అది నాకెప్పుడూ పద్దుల పుస్తకంలో ఒక పద్దులాగే వినిపిస్తుంది. నవ్వించే పేర్లలో టర్కిష్ వారి ‘మైల్స్ అండ్ స్మైల్స్’ పేరుకు ప్రాసే బలం. శ్రీలంకన్ వారు అదే ప్రాసను ఒక్క మాటలోకి కుదించి ‘ఫ్లైస్మైల్స్’ అని, ఇంగ్లీషులో ఆ మాట మధ్యనున్న ఎస్, ఎల్ అక్షరాలను పెద్దవిగా రాసి, చిరునవ్వు లోపల తమ దేశాన్ని దాచుకున్నారు. అది తట్టిన మనిషి ఎవరో గానీ మనసులోనే శాలువా కప్పాను. అమెరికాలో ఫ్రాంటియర్ వారి పథకం పేరు ఒకప్పుడు ‘అర్లీ రిటర్న్స్’. పెట్టిన డబ్బుకు త్వరగా ఫలితమని ఒక అర్థం, త్వరగా ఇంటికి చేరడమని మరొకటి. మన ఎయిర్ ఇండియా వారి ‘ఫ్లయింగ్ రిటర్న్స్’ గురించి నేను వివరిస్తుంటే పీలేరు నుంచి వచ్చిన ఒక రైతు, ‘అయితే తిరుగు టికెట్టు ఊరికే ఇస్తారా సార్?’ అని అడిగాడు. ఇప్పుడు అది ‘మహారాజా క్లబ్’ అయింది. 1946లో పుట్టిన ఆ మీసాల మహారాజు వంగి దండం పెడుతుంటాడు కదా, రాజే వచ్చినవాడికి వంగడంలో ఉంది ఆ బొమ్మ చమత్కారమంతా.

తమ నేల నుంచి పేరు తవ్వి తెచ్చుకున్నవారు ఇంకొక రకం. సింగపూర్ వారి ‘క్రిస్‌ఫ్లయర్’లో క్రిస్ అంటే మలయ్ ప్రాంతపు వంకీల బాకు. బాకు పేరు పెట్టుకున్న విమానంలోకి మనం పండ్లు కోసుకునే చాకును చేతిసంచిలో పెట్టుకుని ఎక్కలేము. సౌదీ వారి ‘అల్‌ఫుర్సాన్’ అంటే గుర్రపు రౌతులు. ఇథియోపియా వారు తమ పూర్వపు రాణిగా చెప్పుకునే షేబా రాణిని తెచ్చి ‘షేబామైల్స్’లో కూర్చోబెట్టారు. ఒమాన్ వారు ‘సింద్‌బాద్’ అని పెట్టారు. ఏడు ప్రయాణాలు చేసి, దాదాపు ప్రతిసారీ ఓడ మునిగో, దిక్కులేని దీవిలో చిక్కుకునో అల్లాడినవాడి పేరు ప్రయాణికుల ముందు పెట్టడానికి ఎంత గుండె కావాలో ఆలోచించు. అయినా ప్రతిసారీ ఇల్లు చేరాడు కదా, అదీ ఒక భరోసాయే. ఎయిర్ చైనా వారి ‘ఫీనిక్స్ మైల్స్’ వినగానే కాలి బూడిదై లేచే పక్షి గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది గానీ, చైనావారి ఫెంగ్‌హువాంగ్ వేరే పక్షి అనీ, అది శుభానికి గుర్తనీ తరువాత తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. ఇండోనేషియా వారి ‘గరుడమైల్స్’ మీద మాత్రం నాకు తీరని అసూయ. బ్రహ్మోత్సవాలలో ఐదో రోజు గరుడ సేవకు నేల ఈనినట్టు జనం వచ్చే చోట పుట్టి, ఆర్టీసీ వారు ఏసీ బస్సు మీద ‘గరుడ’ అని రాసేదాకా ఆ మాట వాడుకోవచ్చని నాకు తట్టలేదు.

నువ్వు కూడా పురాణాలు తిరగేస్తున్నావని మీ నాయన అన్నాడు కాబట్టి ఇక్కడ కాస్త గట్టిగా చెబుతున్నాను, విను. ‘పుష్పక’ వద్దు. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండే విమానమని మనవాళ్లు చెప్పుకుంటారు. ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మే వ్యాపారంలో ఆ పేరు పెట్టుకుంటే నేరం ఒప్పుకున్నట్టే. పైగా రావణుడు దాన్ని కుబేరుడి దగ్గర లాక్కున్నాడు. జటాయువుకు రెక్కలు తెగాయి, సంపాతికి రెక్కలు కాలాయి, త్రిశంకుడు నడిమధ్యలో నిలిచిపోయాడు. ‘స్వర్గ’, ‘వైకుంఠ’ అనేవి నీ కాగితం మీద ఉంటే ఈ క్షణమే కొట్టివెయ్యి. ‘పైకి పోయాడు’ అంటే మన భాషలో ఏమిటో నీకు వేరే చెప్పాలా? మైలు అనే మాటను కూడా చూసి వాడు. తెలుగు అక్షరాలలో దానికి ఒక్క కొమ్ము జారిపోతే ‘మైల’ అవుతుంది, చావింటి మైల. నువ్వు విమానం ఎక్కిన ప్రతిసారీ, దిగానని నీ ఫోన్ వచ్చేదాకా మంచినీళ్లు ముట్టని ముసలివాడి చాదస్తమని నవ్వుకుంటే నవ్వుకో, ఆ పేర్లను మాత్రం కొట్టివేసి నవ్వుకో.

ఇక నా తప్పు సంగతి. మీ నాయనకు కూడా ఇందులో సగమే తెలుసు.

1996లో, మద్రాసు చెన్నై అయిన ఏడాది, గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో నాకు చిన్న ట్రావెల్స్ అంగడి ఉండేది. బోర్డు మీద ‘మద్రాసు’ చెరిపి ‘చెన్నై’ అని రాయడానికి పెయింటరు వచ్చిన రోజునే నాకు ఆ బుద్ధి పుట్టింది. విమాన సంస్థలు చేస్తున్న పనిని నేనెందుకు చేయకూడదు? నా దగ్గర కొన్న ప్రతి టికెట్టుకు కార్డు మీద ఒక శంఖం ముద్ర, పది ముద్రలు నిండితే చెన్నైకి ఒక బస్సు టికెట్టు ఉచితం. దానికి ‘గోవింద కార్డు’ అని పేరు పెట్టాను. కొండ ఎక్కేవారి నోటా, దిగేవారి నోటా రోజంతా వినిపించే మాట కంటే మంచి పేరు ఈ భూమ్మీద ఉంటుందా అనుకున్నాను. పసుపు అట్ట మీద ఎర్ర అక్షరాలతో వెయ్యి కార్డులకు ఆర్డరు ఇచ్చాను. ప్రెస్సులో అక్షరాలు కూర్చే ముసలాయన ప్రూఫు నా చేతికిస్తూ, ‘ఒకసారి బయటికి చదవండి సార్’ అన్నాడు. నేను భక్తిగా, గట్టిగా చదివాను. ఆయన నా ముఖం చూసి ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లిపోయాడు.

మొదటి కార్డు తీసుకున్న బట్టల వ్యాపారి దాన్ని పైకెత్తి, అంగడిలో అందరికీ వినబడేలా, ‘అంటే మన డబ్బులు గోవిందా?’ అన్నాడు. వెనక నిలబడ్డవాళ్లు ‘గోవిందా, గోవింద’ అని అందుకున్నారు. పాపా, మన ఊరి మాటలతో వచ్చే చిక్కే ఇది. కొండ మీద గుండు మొక్కు, కొండ కింద గుండు కొట్టడమంటే మోసం. నుదుట దిద్దుకుంటే నామం, బాకీ ఎగ్గొడితే పంగనామం. గుళ్లో అయ్యవారు తల మీద పెడితే శఠగోపం, వ్యాపారంలో భాగస్వామి పెట్టినా శఠగోపమే. పోయిన సొమ్ముకు గోవిందా ఉండనే ఉంది. వీటిలో గుండుకు తమిళంలో బాంబు అనే అర్థం కూడా ఉంది. చిత్తూరు దాటి కాస్త దూరం పోతే తమిళమే వినిపించే జిల్లావాళ్లం, ఆ మాటను విమానం ఛాయలకు కూడా రానివ్వకూడదు.

అంతటితో ఆగి ఉంటే అది నవ్వుకునే కథే. మాది ‘గోవిందా అంగడి’ అయింది, బేరాలు పెరిగాయి కూడా. అసలు తప్పు మరుసటి ఎండాకాలంలో జరిగింది. సెలవుల రద్దీకి ప్రైవేటు బస్సుల ధరలు పెరిగాయి. పది ముద్రలకే టికెట్టు ఇస్తే నష్టమని, ఒక ఉదయం ఎవరికీ చెప్పకుండా పదిని పదిహేను చేశాను. ఆ మధ్యాహ్నమే, పని నుంచి విరమించిన ఒక బడి అయ్యవారు, భార్యను చెన్నైలో కంటి ఆపరేషనుకు తీసుకువెళ్లడానికి పది ముద్రలు నిండిన కార్డుతో వచ్చారు. ఆమె చీర కొంగుతో ఒక కన్ను మూసుకుని గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఇప్పుడు పదిహేను కావాలని నేను చెప్పాను. ఆయన కార్డు వెనక్కి తిప్పి, నేను అచ్చు వేయించిన ‘పది’ అన్న మాట మీద వేలు పెట్టి కొంచెంసేపు అలాగే ఉంచారు. వాదించలేదు. రెండు టికెట్లకూ డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, కార్డును మేజా మీదే వదిలేసి, ‘పేరు సరిగ్గానే పెట్టారు సార్’ అని చెప్పి, ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దిగించుకుపోయారు.

ఆయన ఇల్లు ఎక్కడో నాకు తెలుసు. మరునాడే వెళ్లి ఒక టికెట్టు డబ్బు చేతిలో పెట్టి ఉండవచ్చు. వారం పోనీ అనుకున్నాను, రద్దీ తగ్గనీ అనుకున్నాను, ఆ తరువాత సిగ్గు అడ్డం వచ్చింది.

అందుచేత పేర్లు ఇచ్చే ముందు ఆ సంస్థవారిని ఒక్క మాట అడుగు: పాయింట్ల విలువను చెప్పకుండా తగ్గించుకునే వీలు నియమాలలో రాసుకున్నారా? రాసుకుని ఉంటే చమత్కారం జోలికి పోకుండా ఒక చప్పటి పేరు ఇచ్చి చేతులు దులుపుకో. డెల్టా వారి పథకం పేరు ‘స్కైమైల్స్’. వాటికి విలువ పడిపోయిందని కోపగించిన ప్రయాణికులు, డాలరు ముందు చిన్నబోయే మెక్సికో డబ్బు పెసో పేరు తగిలించి ‘స్కైపెసోలు’ అని కొత్త పేరు పెట్టారు. సంస్థ డబ్బిచ్చి పెట్టించుకున్న పేరు కంటే అందులోనే చమత్కారం ఎక్కువ. మన దేశంలో కింగ్‌ఫిషర్ వారి ‘కింగ్ క్లబ్’ ఎంత దర్జా అయిన పేరు! 2012లో విమానాలు నేల దిగాక రాజూ లేడు, క్లబ్బూ లేదు. 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయాక వారి పథకం ‘జెట్‌ప్రివిలేజ్’ పేరు ‘ఇంటర్‌మైల్స్’గా మారింది, జెట్టే లేనప్పుడు ఆ మాట ఎందుకు మరి. పాయింటు అంటే సంస్థ ప్రయాణికుడికి బాకీ పడ్డ సొమ్మే, లెక్కలలో కూడా దాన్ని అలాగే రాసుకుంటారు. పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు ఇప్పటికీ వడ్డీ కడుతున్న స్వామి ఊరు మనది. ఆ డబ్బు కొలిచి కొలిచి అలసిపోయి, కుంచాన్ని తల కింద పెట్టుకుని పడుకున్న గోవిందరాజస్వామి గుడి వెనకే కూర్చుని నేను ఐదు ముద్రల దగ్గర లెక్క తప్పాను.

నాకూ ఒక పేరు తట్టిందని ఇప్పుడు చెబితే నవ్వుతావు. ‘రానుపోను’. మన పల్లెల్లో అందరూ అనే మాట, బస్సుకైనా విమానానికైనా సరిపోయేది, తెలుగువాడు వినగానే పెదవి విచ్చుకునేది. రాత్రంతా మురిసిపోయి పొద్దున మీ పెద్దమ్మకు చెప్పాను. ఆమె పాలు కాస్తూ వెనక్కి తిరగకుండానే, ‘రాను, పోను అని మొండికేసే విమానమా?’ అంది. నీ పది పేర్లనూ అలా పాలు కాచే మనిషికి ఒకసారి వినిపించాలి. ఫోన్లో ఒకసారి చదువు, తమిళం వచ్చిన స్నేహితురాలికి ఒకసారి వినిపించు, కోపంగా ఉన్న మనిషి దాన్ని ఎలా పలుకుతాడో నువ్వే పలికి చూడు. అర్ధరాత్రి రెండు గంటలదాకా మేలుకుని రాస్తున్నావని విన్నాను. ఆ వేళకు తట్టిన ప్రతి పేరూ బంగారంలాగే ఉంటుంది. అన్నం తిని పడుకుని, పొద్దున లేచి చూడు తల్లీ.

ఆ అయ్యవారు వదిలేసిన కార్డును ఈ కవరులో పెట్టాను. పసుపు రంగు వెలిసింది గానీ ముద్రలు తెలుస్తూనే ఉన్నాయి, సరిగ్గా పదే. నీ మేజా మీద ఈ నెల ఉంచుకుని, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెచ్చి నాకు ఇవ్వు. ఆయన కొడుకు ఇప్పటికీ అదే ఇంట్లో ఉన్నాడు, ఇద్దరం కలిసి వెళ్దాం.

ఇట్లు,
మీ పెద్దనాయన