ఎన్‌రోల్ అయిన పిల్లలు రెండో వారానికే ఎందుకు మాయమవుతారు? కొత్త ఆన్‌లైన్ కోఆర్డినేటర్‌కి నా జవాబు

మీరు అడిగింది ఇదీ: అనంతపురం దగ్గర డిగ్రీ కాలేజీలో మిమ్మల్ని ఆన్‌లైన్ కోర్సుల కోఆర్డినేటర్‌గా వేశారు. స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక), ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు)లలో పేర్లు ఇచ్చిన పిల్లల్లో పరీక్ష దాకా వచ్చేవాళ్లు కొద్దిమందే. ప్రిన్సిపాల్ గారు మంచి ఎల్‌ఎమ్‌ఎస్, అంటే పాఠాలూ అసైన్‌మెంట్లూ పెట్టే సాఫ్ట్‌వేర్, కొందామంటున్నారు, కొనాలా? చివరి ప్రశ్నకు ముందే చెప్పేస్తా. ఇప్పుడే వద్దు సార్.

నేను మొదట కర్నూలు జిల్లాలో, తర్వాత అనంతపురంలో ఇదే పని చూశాను. రెండు చోట్లా పరిస్థితిని మార్చింది సాఫ్ట్‌వేర్ కాదు, టైమ్‌టేబుల్‌లో ఒక పీరియడ్. వారంలో ఫలానా రోజు, ఫలానా గంట, జేకేసీ (జవహర్ నాలెడ్జ్ సెంటర్) కంప్యూటర్ ల్యాబ్‌లో, ఫలానా లెక్చరర్ ముందు పిల్లలు ఆ కోర్సు తెరవాలి. ఆ పీరియడ్ ఆ లెక్చరర్ వర్క్‌లోడ్‌లో లెక్కకు రావాలి. ఇది సాధించడమే కోఆర్డినేటర్‌గా మీ అసలు పని. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

ఎందుకంటున్నానో చెప్తా. ఒక బీకాం అమ్మాయి మొదటి అసైన్‌మెంట్ బాగా చేసి, రెండోది, మూడోది వదిలేసింది. పిలిచి అడిగితే, "ఫోన్ మా నాయన దగ్గర ఉంటాది సార్. ఆయన చేనికి పోయి పొద్దు గూకినాక వస్తాడు. అప్పటికి చార్జింగ్ ఉండదు" అంది. ఇంకొకతను హాస్టల్ పిల్లోడు, రాత్రి ఫోన్ వార్డెన్ దగ్గర పెట్టేయాలి. ఈ ఇద్దరికీ కోర్సు మీద ఆసక్తి లేదని స్టాఫ్ రూంలో ముందే తేల్చేశారు. ఆన్‌లైన్ అంటే ఎప్పుడైనా ఎక్కడైనా అని బ్రోషర్లలో రాస్తారు గానీ, మన పిల్లల్లో చాలామందికి ఆ 'ఎప్పుడైనా' సాయంత్రం ఒక గంట, ఆ 'ఎక్కడైనా' కాలేజీ ల్యాబ్.

దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. ఓపెన్ యూనివర్సిటీ 1982లో హైదరాబాద్‌లో పెట్టినప్పుడు, అదే తర్వాత అంబేద్కర్ పేరు పెట్టుకున్నది, పుస్తకాలు ఇంటికి పంపి ఊరుకోలేదు. జిల్లాల్లో స్టడీ సెంటర్లు పెట్టి సెలవు రోజుల్లో క్లాసులు చెప్పించింది. ఆ క్లాసులు చెప్పిన మా సీనియర్లు ఒక మాట అనేవాళ్లు: పుస్తకం చదివి వచ్చేవాళ్లు తక్కువ, ఆదివారం ఉందని చదివేవాళ్లు ఎక్కువ. దూరవిద్య కూడా ఒక రోజును, ఒక గదిని, ఒక మనిషిని పట్టుకునే నడిచింది. ఇప్పుడు వీడియో వచ్చింది కాబట్టి ఆ మూడూ అక్కర్లేదని ఎవరు తేల్చారో నాకు అంతుబట్టదు.

ఇక అనుమతుల సంగతి, ఎందుకంటే ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. మామూలు అఫిలియేటెడ్ కాలేజీ సొంతంగా ఆన్‌లైన్ డిగ్రీ ఇవ్వలేదు. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం దానికి గుర్తింపు పొందిన సంస్థలు వేరే ఉంటాయి. మీ చేతిలో ఉన్నది స్వయం క్రెడిట్ల దారి, అంటే స్వయంలో చేసిన కోర్సును డిగ్రీలో ఒక పేపర్‌కి బదులుగా లెక్కించడం. యూజీసీ 2021 నిబంధనలు ఒక సెమిస్టర్‌లో ఒక ప్రోగ్రాంలోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేయవచ్చన్నాయి. 2016లో అది 20 శాతమే. అయితే ఏ కోర్సు ఏ పేపర్‌కి బదులుగా చెల్లుతుందో తేల్చేది మీ యూనివర్సిటీ అకడమిక్ వ్యవస్థ, మీ కాలేజీ కాదు. కాబట్టి పిల్లల పేర్లు రాయించే ముందు ఫలానా కోర్సుకు క్రెడిట్ ఇస్తారని యూనివర్సిటీ నుంచి కాగితం తెచ్చుకోండి. ఫోన్‌లో "ఇస్తాంలే" అన్న మాటను నమ్మి పిల్లల్ని దించకండి. క్రెడిట్ రాని కోర్సును పన్నెండు వారాలు చదవమంటే పెద్దవాళ్లమే చదవం.

మార్కుల లెక్క పిల్లలకు మొదటి రోజే బోర్డు మీద రాయండి. ఎన్‌పీటీఈఎల్‌లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా రావాలి. పన్నెండు వారాల కోర్సులో మంచిగా వచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. ఈ ఒక్క ముక్క తెలిస్తే, రెండు తప్పిపోయిన పిల్లోడు "ఇంక అయిపోయింది" అని వదిలేయడు. మధ్యలో మానేసిన వాళ్లలో సగం ఇలా తామే లెక్కేసుకుని మానేసినవాళ్లేనని నా అనుమానం. ఎన్‌రోల్‌మెంట్ ఉచితమే గానీ పరీక్షకు ఫీజు ఉంది, మా రోజుల్లో వెయ్యి రూపాయలు. పైగా పరీక్షకు రిజిస్ట్రేషన్ వేరు, దానికి గడువు వేరు. కోర్సులో చేరితే పరీక్షకూ చేరినట్టేనని అనుకునేవాళ్లు ఏటా ఉంటారు. మా దగ్గర ఆ వెయ్యి కట్టలేక ఆగిపోయిన పిల్లలకు పూర్వ విద్యార్థులు కొందరు సాయం చేశారు. ఎవరికి ఇచ్చారో క్లాసులో చెప్పకూడదని మాత్రం ముందే ఒప్పుకున్నాం.

ఈమెయిల్ గొడవ చిన్నదనుకోకండి. డిగ్రీ అడ్మిషన్ అప్పుడు నెట్ సెంటర్ అతను జీమెయిల్ తెరిచి పెడతాడు. పాస్‌వర్డ్ ఆయన నోట్‌బుక్‌లో ఉంటుంది, రికవరీ నంబరూ ఆయనదే. హాల్ టికెట్ మెయిల్ వచ్చినా ఆ పిల్లకు తెలియదు. ల్యాబ్‌లో మొదటి పీరియడ్ మొత్తం దీనికే పెట్టండి. ప్రతి ఒక్కరూ తమ పేరు మీద మెయిల్ తెరవాలి, తమ నంబరు పెట్టాలి, పదో తరగతి మెమోలో ఉన్న పేరునే అక్షరం పొల్లుపోకుండా స్వయంలో ఇవ్వాలి. సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ముందొచ్చి మెమోలో వెనక ఉంటే క్రెడిట్ ఎక్కించేటప్పుడు ఆఫీసులో ఎన్నిసార్లు తిరగాలో అనుభవం ఉన్నవాళ్లను అడగండి.

ఇంగ్లిష్ సమస్య మీరు రాయలేదు గానీ ఉంది. మన ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో 2021-22 నుంచి బోధన ఇంగ్లిష్‌లోకి మారింది. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లకు ఒక ఐఐటీ ప్రొఫెసర్ ఉపన్యాసం ఒక్కసారి వింటే ఏమీ తలకెక్కదు. చాలా ఎన్‌పీటీఈఎల్ కోర్సులకు పాఠం రాతప్రతి ఉంటుంది, కొన్నింటికి తెలుగు అనువాదమూ ఉంది. ముందు అది చదివించి, తర్వాత వీడియో చూపించండి. ఆ గంటలో మెంటర్, అంటే ల్యాబ్‌లో ఉండే ఆ లెక్చరర్, పాఠం మళ్లీ చెప్పాల్సిన పనిలేదు. వీడియోను రెండు మూడు చోట్ల ఆపి, "ఇప్పుడు ఆయన ఏమన్నాడబ్బా, మీ మాటల్లో చెప్పండి" అంటే చాలు. తెలుగులోనే చెప్పనివ్వండి. అక్కడ సిగ్గు పోతే పరీక్షలో ప్రశ్న చదివి అర్థం చేసుకునే ధైర్యం వస్తుంది.

మీ లెక్చరర్లు సొంతంగా పాఠాలు రికార్డ్ చేస్తున్నారన్నారు. నలభై ఐదు నిమిషాల క్లాసు ఉన్నదున్నట్టు తీసి ఎక్కించకండి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని వీడియోల మీద 2014లో ఫిలిప్ గువో, ఇంకో ఇద్దరు కలిసి చేసిన అధ్యయనంలో తేలింది ఏంటంటే, వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి చూసేది ఆరు నిమిషాల లోపే. అది అమెరికా కోర్సుల లెక్కే కావచ్చు, మన దగ్గర డేటా ప్యాక్ కూడా కలిస్తే ఇంకా తగ్గుతుందే గానీ పెరగదు. ఒక వీడియోకి ఒక్క ముక్క చాలు, దాని కింద రెండు ప్రశ్నలు. కెమెరా కంటే ముందు మైక్ కొనండి, రికార్డ్ చేసేటప్పుడు ఫ్యాన్ ఆపించండి. మసక వీడియోను పిల్లలు భరిస్తారు, వినపడని గొంతును భరించరు.

నాణ్యత చూడ్డానికి కమిటీ వేస్తారు, ఆ కమిటీ ఫైల్ రాస్తుంది. మేం చేసింది వేరే. కెమిస్ట్రీ మేడమ్ చేసిన కోర్సును తెలుగు సార్ చేతికి ఇచ్చాం, అదీ ల్యాప్‌టాప్‌లో కాదు, పాత ఫోన్‌లో, కాలేజీ వైఫై ఆపేసి. విద్యార్థిలాగా లోపలికి పోయి మొదటి అసైన్‌మెంట్ దాకా రమ్మన్నాం. ఆయన పీడీఎఫ్ తెరవడానికే తంటాలు పడి, "ఏం మేడమ్, ఇంత బరువు ఫైలు పెట్టినారు" అన్నాడు. పేజీలన్నీ ఫోటోలు తీసి కలిపిన ఫైలది. మేడమ్ టైప్ చేయించి మళ్లీ పెట్టారు. ఇట్లా ఒకరి కోర్సు ఒకరు తెరిచి చూసుకోవడంలో ఎవరికీ చిన్నతనం అనిపించలేదు. పైనుంచి ఎవరో వచ్చి మార్కులు వేస్తే అనిపించేది.

ప్రిన్సిపాల్ గారికి మీరు ఇచ్చే లెక్క మారాలి. నాక్ (కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) ఫైల్‌లో ఎంతమంది చేరారో రాస్తే బాగానే కనబడుతుంది, అందుకే అందరూ ఎన్‌రోల్‌మెంట్ సంఖ్యనే పెంచుతారు. ఆ సంఖ్య ఊరి జాతరకు వచ్చినవాళ్ల లెక్కలాంటిది, మొక్కు తీర్చుకున్నది ఎందరో అది చెప్పదు. మీరు రాయాల్సింది మూడు: రెండో అసైన్‌మెంట్ పంపినవాళ్లు, పరీక్షకు రిజిస్టర్ చేసుకున్నవాళ్లు, పరీక్ష రాసినవాళ్లు. మీ కాలేజీ ఎన్‌పీటీఈఎల్ లోకల్ చాప్టర్‌గా (ఎన్‌పీటీఈఎల్ దగ్గర నమోదైన కాలేజీగా) ఉంటే మెంటర్లకు తమ పిల్లల అసైన్‌మెంట్ వివరాలు కనబడతాయి. రెండో వారం జాబితా రాగానే పంపనివాళ్లకు ఫోన్ చేయండి. గ్రూపులో మెసేజ్ కాదు, ఫోన్. చేసేది మీరు కాదు, ఆ పిల్లకు క్లాసు చెప్పే మెంటర్. ఒక్కో మెంటర్‌కి ఇరవై మందికి మించి ఇవ్వకండి, అంతకు మించితే ఆ ఫోన్లు జరగవు.

సీజన్ కూడా చూసుకోండి. మీ వైపు శెనక్కాయ పెరికే రోజుల్లో సగం క్లాసు చేలోనే ఉంటుంది. ఆదోని, కోసిగి వైపు అయితే కుటుంబాలే మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతాయి, పిల్లలూ వెంట పోతారు. అలాంటి వాళ్లకు పన్నెండు వారాల కోర్సు కంటే ఎనిమిది వారాలది నయం. క్రెడిట్లు తక్కువ వస్తాయి, నిజమే. కానీ పూర్తవుతుంది. వెళ్లే ముందు వీడియోలు ఫోన్‌లోకి దించుకోమనండి, అసైన్‌మెంట్ గడువు మాత్రం మెంటర్ ఫోన్ చేసి గుర్తు చేయాలి.

ఇదంతా ఎవరికి కష్టమంటే మెంటర్‌కి. అందుకే మొదట్లోనే వర్క్‌లోడ్ మాట ఎత్తాను. "ఖాళీ ఉన్నప్పుడు చూడండి" అని అప్పగించిన పనిని ఎవరూ ఖాళీ చేసుకుని చూడరు. ప్రిన్సిపాల్ గారు ఆ పీరియడ్ ఇవ్వడానికి ఒప్పుకోకపోతే కోర్సుల సంఖ్య తగ్గించండి. పది కోర్సులకు సగం సగం చూసే మెంటర్ల కంటే రెండు కోర్సులకు పూర్తిగా చూసేవాళ్లు మేలు. ఎల్‌ఎమ్‌ఎస్ మాటకొస్తే, మూడుల్ (Moodle) ఉచితం, గూగుల్ క్లాస్‌రూమ్ ఉంది. మీ లెక్చరర్లు రెండు సెమిస్టర్లు దాన్ని పూర్తిగా వాడి, ఫలానాది లేక ఇబ్బంది పడుతున్నామని రాసిచ్చిన రోజు, ఆ కాగితం పట్టుకుని కొనండి.

స్వయం కోర్సులు జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి మొదలవుతాయి. యూనివర్సిటీ కాగితం, టైమ్‌టేబుల్‌లో పీరియడ్, మెంటర్ల పేర్లు ఈ మూడూ జనవరి లోపు చేతికొస్తే అప్పుడే మొదలుపెట్టండి. ఏ ఒక్కటి రాకపోయినా జులైకి జరపండి, ప్రిన్సిపాల్ గారికి కారణం రాతపూర్వకంగా ఇచ్చి నకలు మీ దగ్గర పెట్టుకోండి.