ప్రవాహం ఎటు పోతోంది? పగడపు దీవుల డైవింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

సెలవులకు లక్షద్వీప్, మాల్దీవులు వెళ్లాలనుకుంటున్నవాళ్ల ఉత్తరాలు ఈసారి చాలా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నాకు ఈత రాదు. లక్షద్వీప్‌లో స్కూబా చేయొచ్చా? కోర్సు ఇక్కడే చేసి వెళ్లాలా, అక్కడికి వెళ్లాక చేయాలా? (హైదరాబాద్)

ఈత రాకపోయినా ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పట్టుకుని 12 మీటర్లలోపు తిప్పి తీసుకొస్తారు. దాన్ని 'డిస్కవర్ స్కూబా' అంటారు. అది రుచి చూడటం వరకే. సొంతంగా డైవ్ చేయాలంటే ఓపెన్ వాటర్ కోర్సు కావాలి. అందులో 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, లేదా మాస్కు, స్నార్కెల్ (గాలి గొట్టం), ఫిన్స్ (కాలి రెక్కలు) పెట్టుకుని 300 మీటర్లు ఈదాలి. 10 నిమిషాలు ఏ ఆధారమూ లేకుండా తేలాలి. సముద్రంలో నాలుగు డైవ్‌లు పూర్తి చేస్తే 18 మీటర్ల వరకు దిగే అర్హత వస్తుంది.

కాబట్టి ముందు ఈత నేర్చుకోండి. రెండు నెలలు పొద్దున్నే పూల్‌కి వెళ్తే సరిపోతుంది. పాఠాలు, పూల్ శిక్షణ మీ ఊళ్లోనే ముగించి, రిఫరల్ పత్రం తీసుకుని వెళ్తే దీవిలో నాలుగు సముద్రపు డైవ్‌లే మిగులుతాయి. రెండు రోజుల సెలవు కలిసొస్తుంది. ఆ నాలుగూ విశాఖలో చేస్తామనేవాళ్లూ ఉన్నారు. బంగాళాఖాతం తీరంలో నీళ్లు చాలా రోజులు మసగ్గానే ఉంటాయి. అదీ ఒకందుకు మంచిదే. ఆ మసకలో దిక్సూచి చూసుకుంటూ, జోడీని (తోటి డైవర్‌ని) కనిపెట్టుకుంటూ నేర్చుకున్నవాళ్లు తేట నీళ్లలో తడబడరు.

మెడికల్ ఫారంలో ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ గురించి అడుగుతారు. ట్రిప్పు పోతుందని అన్నిటికీ 'లేదు' అని టిక్ పెట్టకండి. ఆస్తమాలో ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకుపోతే, పైకి వచ్చేటప్పుడు ఆ గాలే వ్యాకోచించి ఊపిరితిత్తిని చీల్చేయగలదు. లక్షద్వీప్‌కి ప్రవేశ అనుమతి పత్రం తప్పనిసరి. డైవింగ్ సీజన్ అక్టోబరు నుంచి మే నడిమి దాకా. ఓడలైనా విమానాలైనా ఎక్కువగా కొచ్చి నుంచే ఉంటాయి. ముందు అనుమతి, తర్వాతే టిక్కెట్లు.

ప్రశ్న: రెండు మీటర్లు దిగగానే చెవి పోటు. ఇన్‌స్ట్రక్టర్ 'ముక్కు మూసుకుని ఇంకా గట్టిగా ఊదు' అంటున్నారు. ఏం చేయాలి? (గుంటూరు)

గట్టిగా ఊదొద్దు. నొప్పి వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. మధ్యచెవిని గొంతుతో కలిపే సన్న గొట్టం బయటి ఒత్తిడికి నొక్కుకుపోయి మూసుకుంటుంది. అప్పుడు ఎంత ఊదినా తెరుచుకోదు, లోపలి చెవికి దెబ్బ తగిలే ప్రమాదం కూడా ఉంది.

కష్టమంతా మొదటి 10 మీటర్లలోనే. నీటి పైన ఒక బార్ (ఒత్తిడి కొలత) ఉన్న ఒత్తిడి 10 మీటర్ల దగ్గర రెండు బార్లవుతుంది, చెవిలోని గాలి సగానికి కుంచించుకుపోతుంది. అక్కడి నుంచి 20 మీటర్లకు దిగితే ఉన్నదాంట్లో మూడో వంతే తగ్గుతుంది. అందుకే పైనే, తల నీటి బయట ఉండగానే, ఒకసారి ముక్కు మూసి మెల్లగా ఊదండి. తాడు పట్టుకుని కాళ్లు కిందికి, తల పైకి పెట్టి దిగండి. తలకిందులుగా దిగితే రక్తం తలలోకి చేరి ఆ గొట్టం గోడలు ఉబ్బుతాయి. నొప్పి కోసం ఎదురుచూడకుండా ప్రతి అర మీటరుకీ ఊదుతుండండి. ముక్కు మూసుకుని గుటక వేయడం కొందరికి ఇంకా తేలిగ్గా పనిచేస్తుంది. చెవి పట్టేస్తే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. మూడుసార్లకీ కాకపోతే ఆ రోజుకి డైవ్ లేదు.

జలుబుకి మాత్ర వేసుకుని దిగడం పెద్ద పొరపాటు. నీళ్లలో ఉండగా మందు ప్రభావం తగ్గితే, పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి పోయే దారి మూసుకుంటుంది. దిగేటప్పుడు నొప్పి వస్తే దిగడం మానేయొచ్చు, పైకి రావడం మానలేం కదా.

ప్రశ్న: మంటాలను (రెక్కల్లాంటి వెడల్పైన ఒళ్లున్న టేకు చేపలు) చూడాలి. ఏప్రిల్‌లో బా ఆటోల్‌కి టిక్కెట్లు చవగ్గా దొరుకుతున్నాయి. వెళ్లమంటారా? (విజయవాడ)

మంటాల కోసమే అయితే వద్దు. కారణం తెలిస్తే మాల్దీవుల్లో ఏ నెలలో ఏ వైపు వెళ్లాలో మీరే చెప్పగలరు.

ఆటోల్ అంటే పగడపు దిబ్బల వలయం. ఈ మాట మాల్దీవుల ధివేహి భాషలోని 'అతొళు' నుంచి వచ్చింది (మన లక్షద్వీప్ మినికాయ్‌లో మాట్లాడేదీ ఆ భాషే, అక్కడ 'మహల్' అంటారు). వలయం మధ్య ఉండే నీటి మడుగు లగూన్, వలయానికి అక్కడక్కడ గండ్లు. ఈ గండిని 'కండు' అంటారు. ఈశాన్య రుతుపవన కాలంలో, అంటే డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా, సముద్రం తూర్పు నుంచి పడమరకు పారుతుంది. తూర్పు గండ్లలోంచి మహాసముద్రపు తేట నీరు లోపలికి వస్తుంది, సొరచేపలు ఆ గండ్ల మూతి దగ్గర కాపు కాస్తాయి. లగూన్‌లో పెరిగిన ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) పడమటి గండ్లలోంచి బయటికి పోతాయి. ప్లవకాలు తినే మంటాలు కాబట్టి పడమటి వైపు చేరతాయి. మే నుంచి నవంబరు దాకా నైరుతి రుతుపవన కాలంలో ఇదంతా తిరగబడుతుంది.

బా ఆటోల్‌లోని హనీఫరూ అఖాతం తూర్పు అంచున ఉంది. అందుకే అక్కడ మంటాల కాలం జూన్ నుంచి నవంబరు. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు ఎక్కువ ఉన్న రోజుల్లో ప్లవకాలు ఆ అఖాతంలో ఇరుక్కుంటాయి. మంటాలు వరస కట్టి, నోళ్లు తెరుచుకుని, గుండ్రంగా తిరుగుతూ తింటాయి. బా ఆటోల్‌ని 2011లో యునెస్కో జీవావరణ క్షేత్రంగా గుర్తించింది. హనీఫరూలో 2012 నుంచి స్కూబా నిషేధం, స్నార్కెలింగే. బుడగల శబ్దానికి మంటాలు బెదిరిపోతాయి కాబట్టి నిషేధం సబబే. మూడు మీటర్ల దూరం పాటించండి. వెంటపడి ఈదితే వెళ్లిపోతాయి, కదలకుండా తేలుతూ ఉంటే వాటంతట అవే మీ కిందుగా వస్తాయి.

ఏప్రిల్ టిక్కెట్టే ఖాయమైతే అరి ఆటోల్‌కి మార్చుకోండి. దాని దక్షిణపు అంచున తిమింగల సొరలు ఏడాది పొడవునా కనిపిస్తాయి. ఎడమ మొప్పల వెనక చుక్కల అమరిక ఒక్కో సొరకీ ఒక్కోలా ఉంటుంది, వేలిముద్రలాగా. ఆ భాగం స్పష్టంగా పడేలా ఫొటో తీస్తే పరిశోధకులకు పనికొస్తుంది.

ప్రశ్న: అడ్వాన్స్‌డ్ కోర్సు అయింది. మొదటిసారి గండి డైవ్. 'రీఫ్ హుక్ (బండకి తగిలించుకునే కొక్కెం) ఉంటే చాలు' అంటున్నారు. నిజమా? (విశాఖపట్నం)

హుక్ చాలదు. దాన్ని ఎప్పుడు విప్పాలో తెలియాలి.

ముందు ప్రవాహం దిశ. ధోనీ (మన దోనె లాంటి మాటే) గండి దగ్గర ఆగగానే గైడు నీళ్లలోకి దూకి ప్రవాహం లోపలికా, బయటికా అని చూస్తారు. చూడకుండానే 'దూకండి' అంటే మీరు దూకొద్దు. లోపలికి పారుతుంటే నీరు తేటగా ఉంటుంది, చెయ్యి జారినా లగూన్‌లోకే కొట్టుకుపోతారు. బయటికి పారుతుంటే మసక, పైగా మహాసముద్రంలోకి తోసేస్తుంది. బయటి అంచున నీరు కిందికి కూడా లాగవచ్చు. అలాంటప్పుడు ఆ గండిని వదిలేసి వేరే చోటు చూడమనే మేం చెబుతాం.

గండి మూతికి ఎగువన, మహాసముద్రం వైపు దింపుతారు. బీసీడీలో (గాలి నింపి తేలడానికి వేసుకునే జాకెట్టు) గాలి పూర్తిగా తీసేసి, అందరూ ఒకేసారి దూకి, ఆగకుండా దిగాలి. పైన 'ఓకే' చెప్పుకుంటూ అర నిమిషం తేలితే చాలు, గండి మూతి దాటిపోతారు. అందుకే చెవుల ఇబ్బంది ఉన్నవాళ్లు ఈ డైవ్‌కి రాకూడదు. అంచు సాధారణంగా 25 నుంచి 30 మీటర్ల మధ్య ఉంటుంది. మాల్దీవుల నిబంధనల ప్రకారం 30 మీటర్లు దాటకూడదు, డికంప్రెషన్ డైవ్‌లు (పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగి ఒంట్లోని నైట్రోజన్ పోగొట్టుకోక తప్పనివి) చేయకూడదు.

హుక్‌ని చనిపోయిన బండ పగులులోనే తగిలించండి. దాదాపు మీటరున్నర తాడు రెండో చివర బీసీడీ ముందు రింగుకి. ఇప్పుడు బీసీడీలోకి కొంచెం గాలి పంపితే గాలిపటంలా దిబ్బకి పైన నిలబడతారు, మోకాళ్లు పగడాలకి తగలవు. తల పక్కకి తిప్పకండి. జోరు ప్రవాహంలో మాస్కు ఊడొచ్చు, రెగ్యులేటర్ (నోటితో గాలి పీల్చే పరికరం) బటన్ నొక్కుకుపోయి గాలి బుసబుసా పోవచ్చు.

తప్పు జరిగేది విప్పేటప్పుడు. ఆ కాస్త గాలి తీసేయకుండా హుక్ విప్పితే బెండులా పైకి లేస్తారు. లేస్తున్నకొద్దీ ఆ గాలి ఇంకా వ్యాకోచిస్తుంది, ఆపుకోలేరు. కాబట్టి ముందు గాలి తీయండి, తాడు మీద మీ బరువు పడిందని తెలిశాక విప్పండి. అక్కడి నుంచి ప్రవాహమే లగూన్‌లోకి మోసుకుపోతుంది. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి వచ్చి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి, అక్కడి నుంచే పడవకి కనిపించేలా గుర్తు బెలూన్ వదలండి. జోడీ తప్పిపోతే ఒక్క నిమిషం వెతికి పైకి రావాలి. అడుగున వెతుకుతూ కూర్చోకూడదు.

బుడగలు పైకి పోకుండా కిందికి పోతుంటే నీరు మిమ్మల్ని కిందికి లాగుతున్నట్టు. ఎదురు ఈదకండి. బండ అందితే పట్టుకుని పాకండి, లేకపోతే గోడకి దూరంగా అడ్డంగా ఈదండి.

ప్రశ్న: 20 మీటర్ల దగ్గర నా గాలి 22 నిమిషాలకే అయిపోతోంది. మిగతావాళ్లు ఇంకా పావుగంట ఉంటున్నారు. పొగ తాగను, ఫిట్‌గానే ఉన్నాను. (కరీంనగర్)

లెక్క చూద్దాం. మామూలు అల్యూమినియం సిలిండర్ 11.1 లీటర్లు. 200 బార్ల నుంచి 50 దాకా వాడితే 150 బార్లు, అంటే 1,665 లీటర్ల గాలి. 20 మీటర్ల దగ్గర ఒత్తిడి 3 బార్లు. నింపాదిగా నిమిషానికి 15 లీటర్లు పీల్చేవాళ్లకి అక్కడ 45 లీటర్లు ఖర్చవుతాయి, 37 నిమిషాలు వస్తుంది. మీ లెక్క 25 లీటర్లు పడుతోంది. అంటే మీరు నీళ్లలో కష్టపడుతున్నారు.

తొంభై శాతం అనుమానం నడుముకి కట్టిన బరువు మీద. బరువు ఎక్కువైతే దాన్ని సరిచేయడానికి బీసీడీలో గాలి నింపుతారు, పైభాగం తేలి కాళ్లు వేలాడతాయి, ఒళ్లంతా నీటికి అడ్డం తిరుగుతుంది. డైవ్ చివర, సిలిండర్‌లో 50 బార్లు మిగిలినప్పుడు, 5 మీటర్ల దగ్గర బీసీడీ పూర్తిగా ఖాళీ చేసి చూడండి. మామూలుగా ఊపిరి తీస్తూ నిలకడగా ఉంటే బరువు సరైనట్టు. మునుగుతుంటే ఒక కిలో తీయండి, మర్నాడు మళ్లీ చూడండి. ఈ పరీక్ష మొదట్లోనే చేస్తే 2 కిలోలు కలుపుకోవాలి, ఎందుకంటే ఆ 150 బార్ల గాలి బరువే దాదాపు 2 కిలోలు. పూల్‌లో కుదిరిన బరువు ఉప్పునీటిలో చాలదు. మనిషి, సామాను కలిపి 90 కిలోలైతే ఇంకో 2 కిలోలు పడతాయి.

ప్రశ్న: సొరచేపలంటే భయం. కరవవా? (తిరుపతి)

రీఫ్ సొరలు మిమ్మల్ని చూసి పక్కకి తప్పుకుంటాయి. మాల్దీవుల్లో 2010 నుంచి సొరల వేట నిషేధం, అందుకే అక్కడ అన్ని కనిపిస్తాయి. భయపడాలంటే టైటాన్ ట్రిగ్గర్ చేపకి భయపడండి. ఇసుకలో గూడు కట్టినప్పుడు వీపు ముల్లు లేపి, పక్కకి ఒరిగి, ఒంటికన్నుతో మిమ్మల్ని చూస్తుంది. అదే హెచ్చరిక. దాని హద్దు గూటి నుంచి పైకి గరాటులా విచ్చుకుని ఉంటుంది కాబట్టి పైకి పోతే ఇంకా దాని హద్దులోనే ఉంటారు. ఫిన్స్ దాని వైపు పెట్టి అడ్డంగా ఈదండి.

లగూన్‌లో ఉత్త కాళ్లతో నడవొద్దు. స్టోన్‌ఫిష్ ముల్లు గుచ్చుకుంటే కాలిని భరించగలిగినంత వేడి నీటిలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నొప్పితో ఉన్నవాళ్లకి వేడి తెలియదు, పక్కవాళ్లు చెయ్యి పెట్టి చూడాలి.

ప్రశ్న: లక్షద్వీప్‌లోని అగత్తిలో పొద్దున డైవ్ చేసి మధ్యాహ్నం కొచ్చి విమానం ఎక్కొచ్చా? (నెల్లూరు)

ఎక్కకూడదు. ఒకే డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరుస డైవ్‌లైతే 18 గంటలు ఆగాలి. 24 అనుకుంటే లెక్కలతో పనిలేదు. విమానంలో గాలి ఒత్తిడి 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తు కొండ మీద ఉన్నంతే. ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టడానికి అది చాలు. చాలామంది మరిచేది ఇంకొకటి: కొచ్చిలో దిగి నేరుగా మున్నార్ ఎక్కడం. అదీ 1,500 మీటర్ల ఎత్తే. ఓడలో వచ్చేవాళ్లకి 14 నుంచి 20 గంటలు సముద్రం మీదే గడుస్తాయి కాబట్టి ఈ బాధ తక్కువ. డైవ్ తర్వాత భుజమో మోచెయ్యో నొప్పి పెడితే బ్యాగు మోసినందుకే అనుకోకండి. పడుకోబెట్టి నూరు శాతం ఆక్సిజన్ ఇస్తూ, రీకంప్రెషన్ చాంబర్ (గాలి ఒత్తిడి పెంచి ఆ బుడగల్ని కరిగించే గది) ఎక్కడుందో వాకబు చేయాలి.

ప్రశ్న: పగడాలు తెల్లగా కనిపించాయి, చచ్చిపోయినట్టేనా? ఒడ్డున పడి ఉన్న ముక్క తెచ్చుకోవచ్చా? (రాజమహేంద్రవరం)

తెలుపంటే చావు కాదు, ఆకలి. పగడం ఒంట్లో ఉండే నాచు దానికి రంగూ, తిండిలో ఎక్కువ భాగమూ ఇస్తుంది. నీళ్లు వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ ఎక్కువగా నాలుగు వారాలుంటే ఆ నాచుని పగడం వెళ్లగొడుతుంది. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. దగ్గర్నుంచి చూడండి: మెరిసే తెలుపు మీద సన్నని పారదర్శక పొర ఉంటే బతికుంది, ఆకుపచ్చ గోధుమ నూగు పట్టి ఉంటే పోయింది. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, 2024ల్లో ఇలా పెద్దఎత్తున జరిగింది.

ముక్క తేవొద్దు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జాబితాలో ఉన్నాయి. చచ్చిందైనా, ఒడ్డున దొరికిందైనా చట్టానికి తేడా లేదు. మాల్దీవుల నుంచి తేవడం కూడా నేరమే. ఇసుక కూడా అక్కడే వదిలేయండి. పగడాన్ని కొరికి తిని చిలకచేపలు విసర్జించిందే అందులో చాలా భాగం, ఆ దీవి నిలబడింది దాని మీదే.